ఫ్రెండుగారి మాత్రలు

అతను ఊరికి ఆ చివరనున్న ఆసుపత్రికే ఎందుకు వెళ్ళాడంటే, ఈ చివర అందరి బట్టలూ అతనే ఉతుకుతాడు. లాండ్రీ పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఎవరి కాలరు చిరిగిందో, ఎవరు ప్యాంటు నడుము వదులు చేయించుకున్నారో అన్నీ తెలుసు. తన ఇంటిగుట్టు మాత్రం ఎవరికీ తెలియకూడదు.

అయినా ఖర్మ. ఎదురు కుర్చీలో ఉన్న పెద్దమనిషిని మొహం కన్నా ముందు చొక్కాతోనే గుర్తుపట్టాడు. నీలం గళ్ళది, వారం వారం తన షాపుకే వస్తుంది. ఇద్దరి చూపులూ కలిశాయి. వెంటనే ఇద్దరూ గోడ మీది గడియారాన్ని మహా శ్రద్ధగా చూడటం మొదలుపెట్టారు. ఆ గడియారానికి అంత మర్యాద అంతకుముందెప్పుడూ దక్కి ఉండదు.

పిలుపు వచ్చింది. లోపల డాక్టరు పెద్దాయన.

“చెప్పండి.”

అతను జేబులోంచి మాత్రల స్ట్రిప్ తీసి బల్ల మీద పెట్టాడు. నాలుగింటిలో రెండు ఖాళీ.

డాక్టరు తిప్పి చూశారు. “మగతనానికి వాడేవి. ఎవరు రాసిచ్చారు?”

“ఎవరూ రాయలేదండీ. మందుల షాపులో అడిగి కొనుక్కున్నట్టున్నారు.”

“ఎవరు?”

“మా... ఫ్రెండండీ.”

డాక్టరు కళ్ళజోడు సర్దుకున్నారు. ఆ గదిలోకి సొంత జబ్బుతో వచ్చేవాళ్ళు తక్కువ. ఫ్రెండు జబ్బుతో వచ్చేవాళ్ళే ఎక్కువ.

“మరి మీ ఫ్రెండు మాత్రలు మీ దగ్గరికెలా వచ్చాయి?”

“ప్యాంటు జేబులో దొరికాయండీ. నాది లాండ్రీ. మెషిన్లో వేసేముందు జేబులు చూడటం అలవాటు.”

“మంచి అలవాటే.” డాక్టరు నవ్వు దాచుకోలేదు.

అతని చెవులు ఎర్రబడ్డాయి. జేబులో ఏది దొరికినా కవర్లో పెట్టి, ఆ బట్టలకే పిన్ను కొట్టి, మారు మాట్లాడకుండా ఇచ్చెయ్యడం షాపు పద్ధతి. ఏమేమో దొరికాయి, అన్నీ ఇచ్చేశాడు. ఈ ఒక్కటి ఇవ్వడానికి మాత్రం చేతులు రాలేదు.

“ఆ ఫ్రెండుకి పెళ్ళై ఎన్నాళ్ళయింది?”

“ఏడాది కావస్తోందండీ. రెండో పెళ్ళి.”

“మొదటి ఆవిడ?”

“పోయారు.” ఆ మాట గోడకేసి చూస్తూ అన్నాడు. డాక్టరు చీటీ మీద రాసుకున్నారు.

“సిగరెట్లు?”

“మానేశానంటారు. చాటుగా కాలుస్తారు.”

“షుగరు?”

“పరీక్ష చేయించుకోరండీ. మొండి.”

“గుండెకేమైనా వాడుతున్నారా?”

“నొప్పొస్తే నాలుక కింద పెట్టుకునే మాత్ర ఒకటి, ఎప్పుడూ దగ్గరే ఉంటుంది.”

డాక్టరు మొహంలో నవ్వు పోయింది. “ఆ మాత్రా ఈ మాత్రా కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. మనిషి దక్కడు. ఇక వీటిని ముట్టుకోవద్దని చెప్పండి మీ ఫ్రెండుకి.”

అతను స్ట్రిప్‌ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఖాళీ అయిన ఆ రెండు గళ్ళ వైపే చూస్తూ ఉండిపోయాడు.

“ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు,” డాక్టరు గొంతు తగ్గించారు. “అక్కడికి రక్తం సరిగా అందకపోతే వస్తుంది. షుగరు వల్ల, బీపీ వల్ల, పొగ వల్ల, కొన్ని మందుల వల్ల కూడా. ఒక్కోసారి గుండెకి రాబోయే కష్టాన్ని ముందుగా చెప్పేది ఇదే. పరీక్షలు చేసి కారణం పట్టుకుంటే చాలామందికి గుణమిస్తుంది. ఈ మాత్రలు పడనివాళ్ళకి వేరే వైద్యాలున్నాయి. ముందు మనిషి రావాలి. సరే, మీ ఫ్రెండు బీపీ చూద్దాం. చెయ్యి ఇలా ఇవ్వండి.”

నిజం చెప్పడం కన్నా చెయ్యి ఇవ్వడమే తేలికనిపించింది. స్ట్రిప్ జేబులో పెట్టుకుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. బీపీ ఎక్కువే ఉంది. అంత సిగ్గులో తక్కువెలా ఉంటుంది.

“దిగులు కూడా ఒక కారణమే,” పట్టీ విప్పుతూ అన్నారు డాక్టరు. “ఈ పెళ్ళయ్యాక ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా?”

“కొడుకున్నాడండీ.” తల వంచుకునే చెప్పాడు. “పెళ్ళికి రాలేదు. ఒకే ఇంట్లో ఉంటూ ఇప్పటికీ ఆవిడతో ఒక్క మాట మాట్లాడడు. ఈ వయసులో సిగ్గులేదా అన్నాడు, అందరి ముందూ.”

“ఇంకేం మరి. సొంతింట్లో దొంగలా తిరిగే మనిషికి ఒళ్ళెలా సహకరిస్తుంది? దానికి నా దగ్గర మందు లేదు. ఆ కొడుకుతో మాట్లాడాలి.”

“మాట్లాడతానండీ.”

“కోప్పడకుండా మాట్లాడండి. తల్లి పోయిన బాధ వాడికీ ఉంటుంది కదా, పాపం.”

అతను చెమట తుడుచుకుంటున్నట్టు కర్చీఫ్‌తో కళ్ళు తుడుచుకున్నాడు.

“రేపు పొద్దున్నే పరగడుపున వస్తే రక్త పరీక్ష చేస్తాం,” అన్నారు డాక్టరు. “ఫ్రెండుతో చెప్పండి.”

ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. తలుపు ఆవిడే తీసింది. ఎప్పటిలాగే అతని మొహంలోకి చూడకుండా పక్కకి తప్పుకుంది. ఎప్పటిలాగే అతను తల దించుకుని లోపలికి వెళ్ళిపోబోయాడు.

ఆ మనిషిని ఎంత క్షోభ పెట్టాడో ఇప్పుడు తెలుస్తోంది. జేబులో స్ట్రిప్‌ని పిడికిట్లో బిగించి పట్టుకుని, గుమ్మంలోనే వెనక్కి తిరిగాడు. ఆవిడ బిత్తరపోయి చూసింది.

“పిన్నీ,” అన్నాడు, “రేపు పొద్దున్న నాన్నని ఏమీ తిననివ్వకండి, డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను.”