దువ్విన ఇసుక

“ఎవరూ గడప దాటొద్దు. ఒడ్డున ఇసుకలో రబ్బరు జోళ్ళ అడుగులు పడ్డాయి. సైనికులు ఇల్లిల్లూ వెతుకుతారు,” అని ఊరిపెద్ద మైకులో మళ్ళీ చెప్పాడు.

మిరాన్ చేతిలోని చెంచా చారుగిన్నెలో జారిపడింది. సైన్యంలో ఉన్న తమ్ముణ్ణి చూసి పోదామని నిన్న సాయంత్రం బస్సులో సోల్‌పో వచ్చి, ఈ పూటకూళ్ళింట్లో దిగిందామె. ఒకపక్క కొండరాళ్ళను బాదే సముద్రం, ఇంకోపక్క ఉత్తర దేశంతో సరిహద్దు. ఉత్తరం నుంచి గూఢచారులు దిగేది ఇలాంటి ఒడ్డులకేనని బళ్ళో చెప్పిన పాఠం రాత్రంతా ఆమెను నిద్రపోనివ్వలేదు.

“పొద్దుగూకగానే ఇసుకని దువ్వి పెడతారు. పిచ్చుక నడిచినా తెల్లారేసరికి తెలిసిపోద్ది,” అంది ఇంటావిడ. యాంగ్‌యాంగ్ నుంచి కోడలిగా వచ్చిందని ఊళ్ళో అందరూ ఆమెని యాంగ్‌యాంగ్ పిన్ని అంటారు. వేటకెళ్ళిన మొగుడు పొగమంచులో పడవతో సహా సరిహద్దు వైపు కొట్టుకుపోయి కనబడకుండా పోయాక, వచ్చేపోయేవాళ్ళకి వండిపెట్టి బతుకుతోంది.

“ఏ ఒడ్డున పిన్నీ?”

“మన పెరటి కిందే.”

మిరాన్ లేచి నిలబడింది. “రాత్రి అక్కడ కాపలా మా తేసిక్‌దే. నిన్న వాడే చెప్పాడు, నేనుండగా నీకు భయమేంటక్కా అని.”

“కునుకు తీశాడంటావా?”

“చిన్నప్పట్నుంచీ నిలబడే నిద్రపోతాడు.”

“అయితే అయిపోయాడు. గూఢచారిని దాటనిచ్చినవాడికి సైనిక జైలే. బయటికొచ్చినా ఎవడూ పనివ్వడు.”

తల్లి పోయాక వీపున కట్టుకుని పెంచిన తమ్ముడు. మిరాన్‌కి ఏడుపు ఆగలేదు. వీధి మొదట్లో తలుపులు బాదుతున్నారు. కుక్కలు మొరుగుతున్నాయి. పిన్ని ముఖం కూడా పాలిపోయింది. కిటికీలోంచి తొంగిచూసి, వచ్చి మిరాన్ పక్కన కూర్చుంది.

“ఆ అడుగులు నీవేనని చెప్పు,” అంది గొంతు తగ్గించి.

“నావా? నేను గది దాటితేగా.”

“నాకు తెలుసులే. సముద్రం ఎప్పుడూ చూళ్ళేదు, ఆగలేక వెళ్ళానని చెప్పు. పట్నం పిల్ల తిక్కపని అనుకుని తిట్టి వదిలేస్తారు. నీ తమ్ముడు నాలుగు రోజులు గోతులు తవ్వుతాడు, జైలు తప్పుద్ది.”

“అబద్ధమని తేలితే నన్నే గూఢచారి అంటారు పిన్నీ.”

“అంటారు. అందుకే తడబడకు.” పెరట్లోకి వెళ్ళి పాత రబ్బరు జోళ్ళ జత తెచ్చింది. “మా ఆయనవి. చీకట్లో గుమ్మంలో ఏవుంటే అవి తొడుక్కున్నానను. రాళ్ళ సందున కంచె వదులుగా ఉంటుంది, అక్కడ దూరి దిగాను, ఇసుక మీదుగా పైకొచ్చాను. అంతే. ఇంకో ముక్క మాట్లాడకు.”

“అడుగులకి ఇవి సరిపోకపోతే?”

“సముద్రదేవుడున్నాడు.”

“నాకోసం మీరు ఇరుక్కుంటారు.”

“నా సంగతి నాకొదిలెయ్. వాళ్ళు ఇక్కడిదాకా రాకముందే వెళ్ళమ్మా.”

ఒడ్డున తేసిక్ తుపాకీ లేకుండా, నడుముకి బెల్టు లేకుండా నిలబడి ఉన్నాడు. వాణ్ణలా చూడగానే మిరాన్‌కి అబద్ధం దానంతటదే నోటికొచ్చింది. సార్జెంటు ఆమె చెప్పిందంతా విని, జోడు లాక్కుని, మోకాళ్ళ మీద కూర్చుని ఇసుకలో ఒక అడుగు మీద పెట్టాడు. మిరాన్ గట్టిగా కళ్ళు మూసుకుంది.

“సరిపోయింది,” అన్నాడతను.

మిరాన్ నమ్మలేక కళ్ళు తెరిచింది. జోడు అచ్చు పోసినట్టు కూర్చుంది. ఆ దేవుడెవరో నిజంగానే ఉన్నాడనుకుంది. తేసిక్ జైలుకెళితే వెనకే తనూ వెళ్ళాల్సిన సార్జెంటు కూడా గట్టిగా ఊపిరి వదిలాడు.

“సముద్రం చూడ్డానికి ప్రాణం మీదికి తెచ్చుకుంటావా? వీడు మేలుకునుంటే నిన్ను కాల్చేసేవాడు. అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ సరిపోయారు.” తేసిక్ నెత్తిన ఒక్కటిచ్చి, సోదా ఆపమని కబురు పంపాడు.

“అక్కా, నిజంగా నువ్వేనా?” అన్నాడు తేసిక్ గుసగుసగా.

“నోర్మూసుకుని తిను,” అని ఇంటి నుంచి తెచ్చిన పిండివంట వాడి నోట్లో కుక్కింది మిరాన్.

మధ్యాహ్నం బస్సెక్కే ముందు ఆమె పిన్ని చేతులు పట్టుకుని ఏడ్చింది. “మీ రుణం ఎలా తీర్చుకోను?”

“రుణమేంటే పిచ్చిదానా. ఎవరైనా సొంతవాళ్ళ కోసమేగా ఇన్ని పాట్లు పడేది. క్షేమంగా వెళ్ళు.”

బస్సు కొండమలుపు తిరిగేదాకా పిన్ని అక్కడే నిలబడింది. ఇంట్లోకొచ్చి, వీధి తలుపు గడియ పెట్టి, చారు మళ్ళీ వేడిచేసింది.

కొట్టుగది తలుపు తీసి మొగుణ్ణి అన్నానికి పిలిచింది.