బండకూ బండకూ నడుమ

"మళ్లా తొక్కినారు!"

ఉమామహేశ్వరరావు కేకకు పెరట్లో అంట్లు తోముతున్న జీవమ్మ ఉలిక్కిపడి లేచింది. ఆయన తోటబాటలో గొంతుక్కూచుని, నలిగి నేలకు అంటుకుపోయిన నాచుపూల మొక్కను వేలితో పైకి లేపుతున్నాడు. అది లేచినట్టే లేచి మళ్లీ వాలిపోయింది.

"ఏం జీవమ్మా, కండ్లు కనపడవా? బండలు ఏసింది నడిచేదానికి. మొక్కల మింద కాలు పెట్టేది ఏందీ?"

"నేను ఆ పక్కకే రాలే సామీ. నా పనంతా ఈ కొళాయి కాడనే గదా!"

"మరెవరు? దెయ్యాలొచ్చి తొక్కి పోతాండాయా?"

ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. నంద్యాల బజారులో స్టీలు సామాన్ల అంగడి తప్ప ఇంకో లోకం ఎరగని మనిషి, ఇంటావిడ కోసమని తోట వేయించాడు. శాంతకుమారికి మోకాళ్ల నొప్పులు. రోజూ నడవకపోతే మంచానికి అతుక్కుపోతారని డాక్టరు ముఖం మీదే చెప్పాడు. రోడ్డు మీద ఆటోల మధ్య ఆమె నడవలేదని, ఇంటి వెనక ఖాళీ స్థలంలోనే బాట వేయించాడు. ఆళ్లగడ్డ నుంచి కావ్య అనే అమ్మాయి వచ్చి డిజైన్ చేసింది. ఒక నాపబండ, ఒక నాచుపూల గుబురు, మళ్లీ బండ, మళ్లీ గుబురు. బాటకు అటూ ఇటూ ఒకే ఎడంతో నూరువరహాల చెట్లు.

"తోటకు లయ ఉండాలి అంకుల్. అడుగు పడే చోట రాయి, అడుగు దాటే చోట పువ్వు. నడిచే మనిషికి భజనలో తాళం వేసినట్టుండాలి" అంది ఆ పిల్ల. ఆ మాట ఆయనకు ఎంత నచ్చిందంటే, గిన్నెలు బేరమాడ్డానికి వచ్చినవాళ్లను కూడా నిలబెట్టి లయ గురించి చెప్పి గానీ పంపేవాడు కాదు. పాపం, వాళ్లు చెంబు కొనుక్కోవడానికి వచ్చి తోట సంగతి విని పోయేవాళ్లు.

ఇప్పుడా లయ చచ్చింది. ప్రతి గుబురూ సరిగ్గా నడుమనే నలిగిపోయింది. తొక్కిన కాలు ఎవరిదో గానీ, అది కూడా తాళం తప్పలేదు.

"రేపటి నుంచి పనికి రావద్దులే," అనేశాడు. అంతమాట అనాల్సింది కాదని నోరు మూసేలోపే అనిపించింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

"ఇంకో ఇల్లు దొరకాల గదా సామీ నాకు," అంది జీవమ్మ. చేతిలో పీచు అట్లాగే ఉంది.

"ఆమెనేమీ అనొద్దండీ." వంటింటి గుమ్మంలోంచి శాంతకుమారి గొంతు. "తొక్కింది నేనే."

ఆయన నమ్మలేదు. "పనిమనిషిని ఎనకేసుకొచ్చేది నీకు మామూలే. బండలుండగా మొక్కల్లో ఎందుకు నడుస్తావు? నీ కోసమే గదా ఇదంతా!"

"మీరు నడవండి ముందర. నేను ఎనక వస్తా. అప్పుడు చూడండి."

ఆయన విసురుగా కదిలాడు. బండ మీంచి బండ మీదికి అడుగులు అలవోకగా పడుతుంటే, నాలుగు అడుగుల్లోనే కోపం పోయి హుషారొచ్చింది. "చూసినావా, కిందికి చూసే పనే లే. కాలు దానంతట అదే పోతాంది. నూరువరహాలు చూడు, ఎట్లా ఎదురొస్తాండాయో. ఇంత సుఖం పెట్టుకొని మొక్కల్లో దిగుతారా ఎవరైనా?"

గోడ దాకా పోయి వెనక్కి తిరిగాడు.

శాంతకుమారి బాట మొదట్లోనే ఉంది. ఒక కాలు బండ మీద ఉంది. రెండో కాలు అవతలి బండ కోసం చాచింది. అందలేదు. కుచ్చిళ్లు పట్టుకుని ఆ కాలిని మెల్లగా నాచుపూల నడుమ దించింది. మొక్క నలిగినందుకు నొచ్చుకున్నట్టు మొహం పెట్టింది. మళ్లీ బండ. మళ్లీ పూలు.

ఉమామహేశ్వరరావుకు బండలు పరిచే రోజు గుర్తొచ్చింది. "ఆంటీని ఒకసారి నడవమనండి అంకుల్, అడుగు కొలత తీసుకుంటా" అంది కావ్య. "ఆమెదేంది, నాదేంది? నా అడుగే తీసుకోమ్మా. ఇద్దరం ఎప్పుడూ కలిసే నడుస్తాం" అని సున్నం చల్లిన నేల మీద తానే నడిచి చూపించాడు. ఆ పూట శాంతకుమారి వంటింట్లోనే ఉంది. పిలిస్తే వచ్చేది. పిలవాలని ఆయనకు తోచనే లేదు. బాట వేశాక కూడా ఆమెతో కలిసి ఒక్కపూటా నడిచింది లేదు. పొద్దున్నే అంగడికి పరుగు.

సిగ్గేసింది. ఎదురొచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"జీవమ్మా, ఏమీ అనుకోవద్దు. రేపు రా," అన్నాడు అటు చూడకుండానే. జీవమ్మ కూర్చుని మళ్లీ గిన్నె తోమసాగింది.

"ఇంత పాడైందా నీ నడక? నాకు తెలియదే! నొప్పి ఎక్కువైందని ఒక్కమాట చెప్పకూడదా? రేపే కర్నూలు పోయి పెద్ద డాక్టరుకు చూపిద్దాం."

"నొప్పి వల్ల కాదండీ. నా అడుగే ఇంత. పెండ్లి నాటి నుంచీ ఇంతే."

ఆయనకు అర్థం కాలేదు. మహానందికి పోయినా, బజారుకు పోయినా, ఎవరింటి పెండ్లికి పోయినా ఆమె ఆయన వెనకాలే ఉండేది. ఏనాడూ ఆగి చూసే అవసరం రాలేదు.

"మరి ఇన్నేండ్లూ నా ఎంబడి ఎట్ల నడిచినావే?"

"నడిచింది యాడ?" అంది శాంతకుమారి. "పరుగెత్తినా."