ఐదు వేసుకో తల్లీ

సర్వే అమ్మాయి ఆ రోజు ఎక్కిన పదిహేడో గడప అది. దర్జీ ఆవిడ మిషన్ తొక్కుతూనే, "ఈ వారం కిస్తీ కట్టేశానమ్మా," అంది.

"డబ్బుకి రాలేదు పిన్నీ. మా లోన్ సంస్థతో మీకు సంతృప్తి ఎంత? ఐదుకి ఎన్ని మార్కులేస్తారు?"

"సంతృప్తంటే?"

పొద్దుట్నుంచీ అడిగి అడిగి అమ్మాయికి నోరెండిపోయింది. "అదే, మీరు హాయిగా ఉన్నారా అని."

మిషన్ ఆగింది. ఆవిడ చేతిలో గుడ్డ పక్కన పెట్టింది.

"ఆయన పోయి మూడేళ్లు. కట్టావా అని అడిగేవాళ్లే గానీ, ఎలా ఉన్నావని అడిగిన నాథుడు లేడు. ఐదు వేసుకో తల్లీ."

అమ్మాయి ఐదు వేసింది. ఆ మార్కుకి ఫారంలో ఇచ్చిన కారణాల్లో ఆవిడ చెప్పిన మాట ఎక్కడా లేదు. 'వడ్డీ తక్కువ' అన్నచోట టిక్కు పెట్టి, పక్కింటి తలుపు తట్టింది.