ముడి లాగి చూసే సంఘం

“ఊగే గూడు, ఊగే గూడు, లోపల ఎవరమ్మా...” అని చిన్నప్పుడు పాడేవాళ్లం. తరవాతి మాటలు గుర్తులేవు. పిట్టకు ముడి వేయడం ఎవరు నేర్పారా అని నాకిప్పటికీ ఆశ్చర్యమే.

పెద్దబావి మీదికి వంగిన ఈతచెట్టు గిజిగాళ్లకు ఒక సంఘం ఉండేది. ఎవరు గూడు మొదలుపెట్టినా పక్కవాడు వచ్చి ముడి లాగి చూడాలి. ఊడితే మళ్లీ వేయాలి. అందుకే ఆ గూళ్లు గాలికి రాలేవి కావు.

మురుగుకాలవ తుమ్మచెట్టు నుంచి ఒక కుర్ర గిజిగాడు వచ్చాడు. “మామా, మా చెట్టుమీద కూడా మీ సంఘం పెట్టండి. నిరుడు గాలికి మా గుడ్లన్నీ నీళ్లపాలయ్యాయి.”

“అప్పుడే మామా అట,” అని పక్క కొమ్మమీద నవ్వారు.

సంఘం పెద్ద తల అడ్డంగా ఊపాడు. “మురుగు పక్కన మా పేరు పెడితే, ఇక మమ్మల్ని ఎవరు లెక్కచేస్తారయ్యా?”

ఆయన కూతురు అంతా వింది. “నాన్నా, ఈ చెట్టుమీద చోటెక్కడుంది? నేను ఇతని గూట్లోనే గుడ్లు పెడతాను. నీ పేరు నువ్వే ఉంచుకో. ముడి మాత్రం ఒకసారి లాగి చూసిపో.”

పెద్దాయన గొణుక్కుంటూ తుమ్మచెట్టుకు వెళ్లి కుర్రాడి కొత్త గూటి ముడి లాగాడు. ముడి ఊడి ముక్కులోకి వచ్చింది. గూడు ఒక పక్కకి వాలింది. అల్లుడి చేత మళ్లీ వేయించి, మళ్లీ లాగాడు. ఈసారి ఊడలేదు.

“ఇప్పుడిది ఎవరి సంఘం గూడు నాన్నా?” అంది కూతురు.

“నేను లాగి చూశాక మనది కాకుండా ఎలా పోతుందమ్మా,” అన్నాడాయన. “ఆ పక్క గూటివాణ్ణి కూడా పిలువు. రేపటి నుంచి నీ మొగుడి ముడి లాగాల్సింది వాడే.”