కుడి చివర

"ఎంటర్ కొట్టడం కూడా గొప్పేనా మేడమ్?" అన్నారు గురువుగారు, మేనేజరు మేడమ్ వైపు తిరిగి. ఆఫీసంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది.

గదిలో అందరూ కొత్తావిడకు చప్పట్లు కొడుతున్నారు. ఆయన మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నారు.

లిఫ్టు తలుపు ఎప్పుడు మూసుకోవాలో చెప్పే షరతు ఆయన రాసిందే. కంప్యూటర్ తెర దాటి కుడివైపు ఎక్కడికో పోయే ఒకే ఒక్క లైను. పిల్లల్ని పెంచి మళ్లీ ఉద్యోగానికొచ్చిన కొత్తావిడ, మూడు నెలలైనా తిరక్కముందే దాన్ని విడగొట్టింది. గుమ్మంలో ఎవరూ లేకపోతే, ఒక లైను. బరువు మించకపోతే, ఇంకో లైను. మీట నొక్కినా, గడువు దాటినా, మరొకటి.

"బుర్ర గురువుగారిదే. నేను విడగొట్టానంతే" అందామె.

ఆ వినయానికి ఆయన ఒళ్లు మండిపోయింది. రోజూ ఆయన తెర మీద ఎండ పడకుండా కిటికీ పరదా లాగేది ఆవిడే. ఇవాళ అదీ నటనే అనిపించింది.

సాయంత్రం టీమ్ లీడర్ ఎవరో తేలిపోతుంది. నిన్నటిదాకా ఆ కుర్చీ తనకే అనుకున్నారు.

సీట్లో కూర్చుని ఆవిడ మార్పులన్నీ తవ్వారు. దొరికింది! మార్పు కింద ఆవిడే రాసుకుంది: "విడగొట్టేటప్పుడు మీట, గడువు షరతుల్ని కలిపి ఉంచే బ్రాకెట్లు రెండూ ఎగరగొట్టేశాను. తప్పు నాదే. తిరిగి పెట్టాను."

మేడమ్ గదికి పరుగెత్తారు.

"ఆ బ్రాకెట్లు లేకపోతే, గడువు దాటగానే గుమ్మంలో మనిషున్నా తలుపు మూసుకుంటుంది మేడమ్! వచ్చేవారం లిఫ్టుల్లోకి ఎక్కించాల్సిన ప్రోగ్రామ్ ఇది!"

మేడమ్ కొత్తావిడను పిలిపించారు. "నిజమేనా?"

"నిజమే మేడమ్. నా పొరపాటే."

"దిద్దుకున్నారు, సరే. కానీ ఇలాంటి తప్పు చేసినవాళ్లకు ఆ కుర్చీ ఇవ్వలేను."

గురువుగారి కడుపు చల్లబడింది. అక్కడితో ఆగినా బాగుండేది.

"పాతది ఎంత పకడ్బందీగా ఉండేదో చూపిస్తాను, ఉండండి."

"వద్దు గురువుగారూ!" కొత్తావిడ ఒక అడుగు ముందుకేసింది. "మీకు దణ్ణం పెడతాను, పాతది తెరవకండి."

"ఇప్పుడు భయమేస్తోందా అమ్మా?"

నవ్వుతూ గోడ మీది పెద్ద తెర మీద తన లైను తెరిచారు. కుడివైపుకు జరిపారు. ఇంకా జరిపారు. ఇంకా.

లైను అయిపోయింది, బ్రాకెట్లు రాలేదు.