బయటి నుంచి

"ఏడేళ్ళ పిల్లకి ఇంట్లో ఏం పెడుతున్నారమ్మా?" అంది డాక్టరమ్మ, రిపోర్టు బల్ల మీద పడేసి.

చాలా రోజులుగా తల్లి తనని తాను అడుగుతున్న ప్రశ్న అదే. స్నానం చేయిస్తుంటే పాప ఛాతీ చూపించి "అమ్మా, ఇక్కడ నొప్పి" అన్న రోజు నుంచీ ఆమెకు తిండి సయించడం లేదు. మొన్న గౌను మీద రక్తపు మరక కనబడ్డాక ప్రాణం పోయినంత పనైంది.

"నాదే తప్పు డాక్టర్. పొద్దున్నే పనికి పరిగెడతాను. టైము లేక ప్యాకెట్లలో దొరికేవన్నీ పెట్టాను. అడిగినప్పుడల్లా చికెన్ వండాను. ఫోన్ చేతికిచ్చి కూర్చోబెట్టాను..."

"ఊరుకోవే!" అని కసిరింది అత్తగారు, మనవరాలిని ఒళ్ళో సర్దుకుంటూ. "పొద్దస్తమానం నాదే తప్పు, నాదే తప్పు! డాక్టరమ్మా, మా కోడలు బంగారమండీ. మందుల షాపులో రోజంతా నిలబడి ఇంటికొచ్చినా, పిల్ల తల దువ్వందే కుర్చీలో కూలబడదు. దాన్నేమీ అనకండి."

అత్తగారు కోడలిని వెనకేసుకొస్తే వినడానికి ముచ్చటగానే ఉంటుంది. తప్పు చేశానని కుమిలిపోయే మనిషికి మాత్రం ఆ మెచ్చుకోలు చెంపదెబ్బకంటే ఎక్కువ. తల్లి తల ఇంకాస్త వంచేసింది.

"మీరు చెప్పినవాటితో ఇంత జరగదులెండి," డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "ఆడపిల్ల ఎదగాలంటే ముందు మెదడు కబురు పంపాలి. ఆ కబురు అందాకే అండాశయాలు హార్మోన్ తయారు చేస్తాయి. ఛాతీ పెరగడం, ఆ తర్వాత నెలసరి, అంతా దాని చలవే. మీ పాప మెదడు ఇంకా ఏ కబురూ పంపలేదు. స్కానింగులో గడ్డలూ లేవు. రక్తంలో మాత్రం ఆడ హార్మోన్ దండిగా ఉంది. అంటే ఎక్కడో బయటి నుంచి ఒంట్లోకి వెళుతోంది."

"ఇలాగే వెళితే?"

"ఎముకలు తొందరగా ముదిరిపోతాయి, పిల్ల పొట్టిగా ఉండిపోతుంది. ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపేస్తే చాలావరకు సర్దుకుంటుంది. మీరు పిల్లలు పుట్టకుండా మాత్రలేమైనా వాడుతున్నారా? పాప చేతికి అందాయేమో?"

"లేదండీ. నాకు తెలియకుండా మా ఇంట్లోకి ఒక్క మందుబిళ్ళ రాదు. దీనికి జ్వరం మందు పోసినా తేదీ చూసే పోస్తాను." తల్లి పాప జుట్టు సవరించింది. "పని మానేస్తాను. రేపటి నుంచి దీన్ని విడిచి కదలను. కన్నతల్లినై ఉండీ కనిపెట్టుకోలేకపోయాను."

"అదిగో, మళ్ళీ మొదలు!" అని అత్తగారు నెత్తి కొట్టుకుంది.

అంతలో పాప కళ్ళు నులుముకుంది. "నానమ్మా, కళ్ళు మంటలు."

"వేడి చేసిందే తల్లీ. ఎండన పడి వచ్చామా మరి!" అత్తగారు సంచిలోంచి ఒక ట్యూబు తీసింది. పాప ఎవరూ చెప్పకుండానే చేతులు రెండూ చాపింది.

డాక్టరమ్మ చటుక్కున లేచి ఆ ట్యూబు లాక్కుంది. దాని మీది అక్షరాలు చదివి నిలువునా కొయ్యబారిపోయింది.

"ఇది పిల్లకి రాస్తున్నారా? ఎన్నాళ్ళ నుంచి?"

"ఎండలు ముదిరినప్పటి నుంచీ. వేడి చేసినప్పుడల్లా ఇంత రాస్తాను. చల్లగా ఉంటుందని అదే అడిగి మరీ రాయించుకుంటుంది."

"అయ్యో, ఇది ఆడ హార్మోనమ్మా! ముట్లుడిగాక ఒంట్లో సెగలు పుడితే పెద్దవాళ్ళు రాసుకునే జెల్!"

అత్తగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "సెగలకే నేనూ రాసుకుంటున్నాను. రాత్రిళ్ళు ఒళ్ళంతా ఆవిర్లొచ్చి చచ్చేదాన్ని, దీంతో తగ్గింది. నాకు తగ్గిన వేడి పిల్లకి తగ్గదా అనుకున్నానే గానీ..." ఆవిడ మనవరాలి చేతుల్ని గబగబా పమిటతో తుడవసాగింది, వాటికేమీ అంటకపోయినా. "నా చేతులు పడిపోను! కోడల్ని ఓదారుస్తూ కూర్చున్నానే, పాపిష్టిదాన్ని నేనేనా?"

తల్లి చెయ్యి చాపి ఆ ట్యూబు అందుకోబోయింది.

డాక్టరమ్మకి ఆవిణ్ణి చూస్తే జాలేసింది. "ఊరుకోండి, మీకు తెలిసి చేసింది కాదు. ఇది హార్మోనని మీకు చెప్పకుండా ఎవరిచ్చారమ్మా?"

"డాక్టరు దగ్గరికెళ్ళి చెప్పుకోవడానికి నాకు సిగ్గని, షాపు నుంచి మా కోడలే తెచ్చి 'వేడి తగ్గే మందు అత్తయ్యా' అందండీ," అంది అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ, "మీరే మరోసారి చదివి చూడండి, మందుల విషయంలో అది పొరపాటు చెప్పదు."