ఒక్కసారే పాడాలి

“ఇవాళ హాల్లో ఒక్క గొంతు వన్స్ మోర్ అన్నా మీ అన్నయ్య నాకు దక్కడు,” అంటూ ఆమె సూది పక్కన పెట్టింది.

నాటక సమాజం మేనేజరు తల గోక్కున్నాడు. “జనం నోళ్లకు తాళాలు వేయడం నా తరమా వదినా? ఒక్కసారి పాడి ఊరుకోమని అన్నయ్యకే చెప్పరాదూ?”

“ఆయనకా! గోడకు చెప్పడం నయం.”

నిజమే. వేషాలకు బట్టలు కుట్టే ఈ ఇల్లాలి మొగుడు ఊరందరికీ గిలిగింతల మావయ్య. ఇరవై రెండేళ్లుగా అదే హాస్య నాటకం, మూడో రంగంలో అదే పాట. పెళ్లాం ఏడుస్తుందో లేదో చూద్దామని చచ్చినట్టు నటించే మొగుడి పాట అది. ఆఖరి మాట మీద దబ్బున పడతాడు. హాలు వన్స్ మోర్ అంటుంది. శవం లేచి మళ్లీ పాడుతుంది. రెండోసారి పాడితే గుండె తట్టుకోదని డాక్టరు ఎంత చెప్పినా, “జనం అడిగాక లేవకపోతే నేనేం నటుణ్నే?” అని కొట్టిపారేశాడు.

ఆమె వెళ్లి గేటు దగ్గర నిలబడింది. వచ్చిన ప్రతివాళ్ల చేతులూ పట్టుకుంది. “చప్పట్లు ఎన్నయినా కొట్టండి బాబూ. వన్స్ మోర్ మాత్రం అనకండి. ఆయన గుండె బాగాలేదు.” మొదటి వరసలో కూర్చునే కంచు గొంతు మంగలి కూడా కళ్లనీళ్లు పెట్టుకుని మాటిచ్చాడు.

మూడో రంగం వచ్చింది. ఆమె వచ్చి తెర పక్కన నిలబడింది. మావయ్య పాట అందుకున్నాడు. ఈసారి ఆఖరి మాట కంటే కాస్త ముందే పడ్డాడు. కొత్త విరుపనుకుని జనం పగలబడి నవ్వారు. చప్పట్లు మోగి ఆగాయి. వెనక ఎవడో నోరు తెరవబోతే పక్కవాడు గభాలున మూశాడు. మంగలి తలొంచుకున్నాడు.

వన్స్ మోర్ లేదు. ఆమె ప్రాణం కుదుటపడింది. పాపం, ఎదురుచూస్తున్నాడు కాబోలు, అలిగినా సరే, బతికుంటే చాలనుకుంది. పెళ్లాం వేషధారి శవం చుట్టూ తిరుగుతూ పది నిమిషాలు దొంగ ఏడుపు ఏడ్చింది. హాలు పొట్ట పట్టుకుని నవ్వింది. తెర పడింది.

“చూశావా వదినా, జనం మాట మీద నిలబడ్డారు!” అన్నాడు మేనేజరు.

ఆమె నవ్వుతూ వెళ్లి మొగుడి భుజం తట్టింది. “లేవయ్యా, అలక చాలు.”

లేవలేదు. చెయ్యి పట్టుకుంది. చల్లగా తగిలింది. ముక్కు దగ్గర వేలు పెట్టింది. మేనేజరు డాక్టరు కోసం పరుగెత్తాడు. ఆమె ఒక్క ఉదుటున తెర తోసుకుని జనం ముందుకొచ్చి రెండు చేతులూ జోడించింది.

“వన్స్ మోర్ అనండయ్యా!”